పలుగురాతి వెనక నీళ్ళు

పెనుకొండ స్టేషన్లో రైలు దిగి, పడమరగా ఆమడ దూరం బండిలో పోతే మసిగుట్ట వస్తుంది. పెద్ద గుట్టేమీ కాదు. నల్లటి పలకరాయి నడుమ తెల్లటి పలుగురాతి చార ఒకటి గుట్ట వీపు మీద పొడుగ్గా తేలి ఉంటుంది. ఆ చార పొడుగునా, కంపచెట్ల చాటున, ఎన్ని తరాల కిందటివో ఎవరికీ తెలియని పన్నెండు గుంతలు. పాతకాలంవాళ్ళు బంగారం కోసం తవ్వినవని చెప్పుకునేవాళ్ళు. అన్నిటికన్నా లోతైనది పాతాళగుంత. మేకలు పడకుండా దాని చుట్టూ కంప నాటారు. గుట్ట కింద చేలల్లో మన్ను మసి పట్టినట్టు నల్లగా ఉంటుంది. పాతవాళ్ళు గుంతల్లో కట్టెలు మండించి, కాగిన బండ మీద నీళ్ళు పోసి పగలగొట్టేవాళ్ళనీ, ఆ బూడిదే తరతరాలుగా కిందికి కొట్టుకొచ్చిందనీ ముసలివాళ్ళ మాట. గుట్టకు ఆ పేరు అందుకే వచ్చింది.

రామగిరి గనులు మూతపడినప్పుడు ఈ సీమలో బంగారం మాట ఇక ముగిసిందనుకున్నారు. కానీ తర్వాత పదేళ్ళలో లోకమంతా బంగారం ధర పెరిగింది. ఒకప్పుడు గిట్టదని వదిలేసిన రాళ్ళను కూడా మళ్ళీ తిరగేసి చూసే కాలం వచ్చింది. 1937 వేసవిలో మద్రాసు షావుకార్లు నలుగురు కలిసి అనంతస్వామి అనే ఇంజనీరును మసిగుట్టకు పంపించారు. కోలారు గనుల్లో పనిచేసిన మనిషి, బక్కపలచగా ఉంటాడు, కన్నడం కలిసిన తెలుగు మాట్లాడతాడు. గుట్ట గంగాధరప్పది. ఆ చుట్టుపక్కల నాలుగు ఊళ్ళలో ఆయనను కాదన్న మనిషి లేడు.

రాతిపని తెలిసినవాళ్ళు కావాలని అనంతస్వామి వెతికితే కుళ్ళాయప్ప దొరికాడు. రామగిరిలో పదమూడేళ్ళు భూమి కింద పనిచేసినవాడు. సుత్తి దెబ్బ పడగానే ఆ చప్పుడును బట్టి బండ గట్టిదో బోలుదో చెప్పేవాడు. అతనికి తోడు భార్య తమ్ముడు ఓబన్న. ఇరవై రెండేళ్ళవాడు, బలమూ తొందరా రెండూ ఎక్కువే.

కుళ్ళాయప్ప భార్య రామాంజినమ్మ పని పైన. కింద తవ్విన రాయిని రాతిరోట్లో మెత్తగా దంచి, కొయ్యపళ్ళెంలో వేసి, తొట్టినీళ్ళలో ముంచి తిప్పేది. తేలిక మన్ను అంచు దాటి జారిపోయేది. చివరికి పళ్ళెం మూలన నల్లఇసుక, దాని కొసన గోటి అంచంత పసుపు గీత. ఆ గీత పొడుగును బట్టి కింద సొరంగం ఎటు సాగాలో అనంతస్వామి నిర్ణయించేవాడు. ఆమె పళ్ళెం వంచి చివరి నీళ్ళు వదులుతుంటే ఆయన ఊపిరి బిగబట్టి నిలబడేవాడు. ఆమె పుట్టిల్లు వంక ఒడ్డున. వానలు వెలిసినాక వంక ఇసుక కడిగి బంగారు రజను తీయడం వాళ్ళ అవ్వ దగ్గర నేర్చుకుంది.

పాతాళగుంతకు తూర్పున కొత్త బాయి తవ్వారు. నూటపది అడుగుల లోతు పోయాక, గుంత వైపుగా అడ్డంగా సొరంగం మొదలుపెట్టారు. పాతవాళ్ళు ఆపిన చోటు కంటే కిందికి పోయి, వాళ్ళు వదిలేసిన చారను అడుగునుంచి పట్టుకోవాలని ఇంజనీరు ఆలోచన. పాతాళగుంతలో నీళ్ళున్నాయని ఆయనకు తెలుసు. తాడుకు రాయి కట్టి లోపలికి వదిలి చూశాడు. ఎనభై అడుగుల దగ్గర రాయి నిలిచింది.

"మన సొరంగానికీ వాళ్ళ అడుగుకూ నడుమ ముప్పై అడుగుల బండ ఉంటాది కుళ్ళాయప్పా. అష్టు సాకు," అన్నాడు. అంత చాలు అని ఆయన మాట.

కుళ్ళాయప్ప తలూపాడు గానీ ఇంటికొచ్చినాక భార్యతో అన్నాడు: "ఆయప్ప లెక్క ఆయప్పది. నేలలోపల ఏముండాదో తాడుకేం తెలుస్తాది?"

సొరంగం సాగేకొద్దీ రామాంజినమ్మ పళ్ళెంలో గీత పొడుగయింది. కార్తీకం వచ్చేసరికి చిటికెనవేలంత పసుపు కనబడింది. మద్రాసుకు ఉత్తరం పోయింది. షావుకార్ల తరఫున పెద్దమనిషి ఒకాయన స్వయంగా వచ్చి చూస్తానన్నాడు. ఆయన బెంగుళూరు మీదుగా హిందూపురం దాకా వచ్చి, అక్కడ రాత్రి ఆగి, పొద్దున్నే రైలుకు పెనుకొండలో దిగుతాడు. ఆయన వచ్చేసరికి కొత్తగా పగిలిన గోడ, తళతళలాడే పలుగురాయి కనబడాలని ఇంజనీరు కోరిక. ముందురోజు సాయంత్రం మందుపెట్టి పేల్చారు. పొద్దున్నే కుళ్ళాయప్ప, ఓబన్న దిగి రాయి ఎత్తి, మరో వరస చిల్లులు కొట్టాలి. అనంతస్వామి తెల్లారకముందే జట్కా కట్టించుకుని స్టేషనుకు పోయాడు. పైన గంగాధరప్పను చూసుకోమని చెప్పిపోయాడు.

ఎండ ఇంకా ఎక్కలేదు. మొదటి తొట్టి పైకి వచ్చింది. మోటబావికి కపిల కట్టినట్టే ఆ బాయి మీద కూడా దూలాలు నాటి, గిలక వేసి, మోకుకు ఇనుపతొట్టి కట్టారు. ఎద్దులు ఏటవాలుదారిలో కిందికి నడిస్తే తొట్టి పైకొస్తుంది. వెనక్కు నడిస్తే దిగుతుంది. ఎద్దులు గంగాధరప్పవి, తోలేవాడు యల్లప్ప. తొట్టిలో పగిలిన రాయితో పాటు ఒక గంపలో బురద ఉంది. గోడ అడుగున చిన్న చీలిక చెమ్మగిల్లుతోందని, అందులో పేరుకున్న బురదను వేరుగా కడిగి చూడమని కుళ్ళాయప్ప పంపించాడు. చీలికల్లో బంగారం నిలుస్తుందని రామగిరిలో అతని అనుభవం.

రామాంజినమ్మ బురదను పళ్ళెంలో వేసి నీళ్ళలో ముంచింది. నీళ్ళు వెంటనే బూడిదరంగుకు తిరిగాయి. అది ఆమెకు నచ్చలేదు. ఇన్ని నెలలుగా కడిగిన రాయి నీళ్ళు తెల్లగానో పచ్చగానో తిరిగాయి గానీ ఇలా ఎప్పుడూ లేదు. రెండుసార్లు తిప్పింది. బరువు మన్ను అడుగుకు పోయింది. పైన నాలుగైదు నల్లటి నలుసులు తేలి పళ్ళెం అంచుకు అంటుకున్నాయి.

ఒక నలుసును వేలికి అంటించుకుని నలిపింది. అరచేతి మీద నల్లటి గీత పడింది.

బొగ్గు.

లోపల వాళ్ళు వాడేవి కార్బైడు దీపాలు. వాటిలో బొగ్గు ఉండదు. ఒకవేళ గంపకే అంటుకుని వచ్చిందేమోనని గంప అంచులు తడిమింది. శుభ్రంగా ఉంది. మిగిలిన బురదను చేత్తో తీసి మళ్ళీ కడిగింది. ఈసారి మినపగింజంత ముక్క తేలింది. వెలుతురుకు పట్టి చూస్తే దాని మీద చేవగీతలు సన్నగా, వరసగా కనిపించాయి. అది ఒకప్పుడు కట్టె. నూటపది అడుగుల కింద, పగలని బండ నడుమ, కాలిన కట్టె.

కాలిన కట్టె ఉందంటే మంట ఉండేది. మంట పెట్టినవాళ్ళు పాతవాళ్ళు. ఆ బొగ్గు చీలికలోనుంచి చెమ్మతో పాటు కారి వచ్చిందంటే, చీలికకు అవతల వాళ్ళ గుంత ఉంది. ముప్పై అడుగుల దూరంలో కాదు, గోడకు ఆనుకునే ఉంది. గుంత నిండా ఎన్ని తరాల వాననీళ్ళో ఉన్నాయి. ఆ గోడను అవతలినుంచి నీళ్ళు నెడుతున్నాయి. ఇవతలినుంచి తన మొగుడూ తమ్ముడూ కడ్డీ పెట్టి సుత్తితో కొడుతున్నారు.

పళ్ళెం అక్కడే పడేసి బాయి దగ్గరికి పరుగెత్తింది.

"యల్లప్పా, తొట్టి దించు! వాళ్ళను పైకి పిలువు!"

గంగాధరప్ప నులకమంచం మీద కూర్చుని తమలపాకులకు సున్నం రాస్తున్నాడు. తల ఎత్తాడు. "ఏమ్మే, ఏమైంది?"

"అప్పా, చీలిక బురదలో బొగ్గు వస్తాంది. పాతోళ్ళ గుంత గోడకే తగులుకోని ఉండాది. నీళ్ళు పడ్తాయి."

ఆమె చెయ్యి చాపి ముక్క చూపించింది. గంగాధరప్ప వంగి చూసి నవ్వాడు. "ఓబన్న బీడీ తాగి పడేసుంటాడు. దానికింత గోలా?"

"బీడీకి చేవగీతలు యాడుంటాయప్పా? చూడు."

"సూడు రామాంజినీ, పన్నెండు గంటలకు పెద్దమనిషి వస్తాండాడు. ఆయప్ప వచ్చేలోపల చిల్లులు కొట్టి పెట్టమన్యాడు ఇంజనీరు. నీ బొగ్గుముక్కకు పని నిలిపినామంటే నా మొగం యాడ పెట్టుకోల?"

ఆమె బాయి అంచున మోకాళ్ళ మీద కూర్చుని లోపలికి అరిచింది. జవాబు లేదు. వాళ్ళు సొరంగంలో నలభై అడుగుల లోపల ఉన్నారు. సుత్తి చప్పుడు ఠంగ్, ఠంగ్ అని పైకి వినిపిస్తోంది. ఆ చప్పుడు ముందు ఆమె గొంతు వాళ్ళకు చేరదు. గంట పైనుంది, తాడు కిందినుంచి లాగితేనే మోగుతుంది.

"యల్లప్పా, నన్ను తొట్టిలో దించు."

యల్లప్ప గంగాధరప్ప వైపు చూశాడు. గంగాధరప్ప లేచి ఎద్దుల ముందుకొచ్చి నిలబడ్డాడు. ముఖంలో నవ్వు లేదు.

"ఆడది గనిలో కాలు పెట్టకూడదు. ఎనకటినుంచీ ఉండే కట్టు. బంగారం పారిపోతాదంటారు. నా గుట్టలో ఆ పని జరగనీను."

రామాంజినమ్మ చీర కుచ్చిళ్ళు వెనక్కు దోపి కాసె పోసుకుంది. బొగ్గుముక్కను కొంగు చివర ముడేసి నడుముకు చెక్కింది. బాయి మూలన నిచ్చెనలు ఒకదాని కింద ఒకటి కట్టి ఉన్నాయి. తొట్టి పాడైన రోజు కోసం పెట్టినవి. గంగాధరప్ప "పట్టుకోరా దాన్ని!" అని యల్లప్పకు అరిచి చెప్పేలోపల ఆమె తల బాయి అంచు కిందికి దిగిపోయింది.

పది మెట్లు దిగేదాకా వెలుతురు ఉంది. ఆ తర్వాత చేతులే కళ్ళు. మెట్లు చెమ్మకు జారుతున్నాయి. ఎన్ని దిగిందో లెక్క తప్పింది. సుత్తి చప్పుడు మాత్రం దగ్గరవుతోంది. చిట్టచివరి నిచ్చెన మీద కాలు మోపగానే మెట్టు పుటుక్కుమంది. ముందురోజు పేలుడుకు దాని కట్లు సడలి ఉన్నాయి. నిచ్చెన ఆమెతో సహా పక్కకు ఒరిగి విరిగిపోయింది. రెండు నిలువుల ఎత్తునుంచి బురదలో పడింది. మోచెయ్యి చెక్కుకుపోయింది. లేచి, గోడ పట్టుకుని, దీపం మినుకుమనే వైపు నడిచింది.

ఓబన్న సుత్తి ఎత్తి ఉన్నాడు. కుళ్ళాయప్ప కడ్డీ పట్టుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చీకట్లోనుంచి బురద పూసుకున్న ఆడమనిషి వస్తుంటే ఓబన్న చేతిలోని సుత్తి గాల్లోనే ఆగింది.

"అక్కా! నువ్వేంది ఈడ?"

"కొట్టొద్దు! ఒక్క దెబ్బ గూడ కొట్టొద్దు."

కొంగు విప్పి ముక్కను దీపం ముందు పెట్టింది. "నువ్వు పంపిన బురదలో వచ్చిందయ్యా. కాలిన కట్టె."

ఓబన్న విసుక్కున్నాడు. "దీనికోసం ఇంత దూరం..."

కుళ్ళాయప్ప అతన్ని చేత్తో ఆపాడు. ముక్కను చూశాడు. గోడను చూశాడు. తర్వాత చెవి బండకు ఆనించి, సుత్తి పిడితో మెల్లగా ఒక్కసారి తట్టాడు. మళ్ళీ కొంచెం పైన తట్టాడు. దీపం వెలుగులో అతని ముఖం పాలిపోవడం రామాంజినమ్మ చూసింది. పదిహేనేళ్ళ కాపురంలో ఆ ముఖం ఎప్పుడూ చూడలేదు.

"బోలు పలుకుతాంది," అన్నాడు.

చిల్లులో ఉన్న కడ్డీని రెండు చేతులతో పట్టుకుని కొంచెం కొంచెంగా వెనక్కు లాగాడు. కడ్డీ కొస బయటికి రాగానే చిల్లులోనుంచి నీళ్ళు దారంలా జిమ్మాయి. చల్లగా, పాచివాసనతో. మరుక్షణం ఆ దారం వేలంత అయింది, ఎదురుగా ఉన్న ఓబన్న రొమ్ము మీద కొట్టింది.

కుళ్ళాయప్ప పక్కన ఉన్న కొయ్యమేకును అందుకుని చిల్లులో దూర్చి సుత్తితో ఒకే దెబ్బ కొట్టాడు. మేకు వెనక్కు తన్నింది. దాని మీద వీపు ఆనించి, కాళ్ళు నేలకు తన్నిపెట్టి కూర్చున్నాడు. మేకు చుట్టూ నీళ్ళు చిమ్ముతున్నాయి. అడుగున చీలికలోనుంచి బూడిదరంగు నీళ్ళు బుడబుడమని పొంగుతున్నాయి.

"ఓబా, మీ అక్కను తీసుకోని పైకి పో. తొట్టి దించమని గంట కొట్టు."

"నువ్వు పో బావా. నేను పట్టుకుంటా."

"నీకు దీని సంగతి తెలీదురా. నేనీ మేకు వదిల్తే గోడ నిలవదు. తొట్టిలో ఇద్దరే పడతారు. నిచ్చెన యాడ?"

"ఇరిగిపోయింది," అంది రామాంజినమ్మ.

"అయితే ఇంక నిలబడొద్దు. పొండి!"

ఆమె కదల్లేదు. "నేనుంటా. మీరిద్దరూ పొండి."

కుళ్ళాయప్ప ఆమెను చూశాడు. గొంతు తగ్గించి అన్నాడు. "రామాంజినీ, మాట్లాడే కొద్దీ నాకు టైము పోతాంది. నువ్వు పైకి పోతేనే తొట్టి నాకోసం కిందికొస్తాది. పోమ్మే."

ఓబన్న ఆమె చెయ్యి పట్టుకుని లాక్కుపోయాడు. గంట తాడు లాగాడు. ఇద్దరి చీలమండల మీదికి నీళ్ళొచ్చేసరికి తొట్టి దిగింది. ఎక్కి మూడుసార్లు గంట కొట్టారు. తొట్టి పైకి లేచింది. ఎద్దుల నడక ఎంత నిదానమో ఆ రోజు తెలిసింది ఆమెకు. గోడ రాళ్ళు ఒక్కొక్కటిగా కిందికి పోతున్నాయి. తలెత్తి చూస్తే వెలుతురు రూపాయి బిళ్ళంత. ఎంతకీ పెద్దది కాదు.

పైకి రాగానే ఓబన్న దూకి ఎద్దుల వైపు పరుగెత్తాడు. "దించు యల్లప్పా, బావ ఒక్కడే ఉండాడు!" నీళ్ళు కారుతున్న అతని ఒంటినీ, నెత్తురు కారుతున్న ఆమె మోచేతినీ చూసి గంగాధరప్ప ముందుకు ఉరికాడు. తనే ఎద్దుల ముక్కుతాళ్ళు పట్టుకుని వెనక్కు నడిపించాడు. తొట్టి దిగింది. మోకు వదులైంది. అడుగుకు చేరినట్టే.

గంట మోగలేదు.

రామాంజినమ్మ బాయి అంచున కూర్చుని మోకు మీద చెయ్యి పెట్టింది. మోకు వేలాడుతోంది. దాని కొసన బరువు లేదు. ఒకటి, రెండు, మూడు అని ఊపిరి లెక్కపెట్టింది. ఇరవై దాకా పోయింది.

అప్పుడు నేల కింద ఏదో మూలిగింది. బాయిలోనుంచి గాలి ఒక్కసారిగా పైకి తన్నింది. ఆమె జుట్టు చెదిరి ముఖం మీద పడింది. పాచివాసన, దుమ్ము, తుంపర. ఆ తర్వాత హోరు. వంక పొంగినప్పుడు వచ్చేలాంటి హోరు.

"బావా!" అని ఓబన్న అరిచాడు.

ఆమె చేతికింద మోకు ఒక్క కుదుపు కుదిపింది. మళ్ళీ కుదిపింది. బిగుసుకుంది.

"ఉండాడు! తోలండి!" అని రామాంజినమ్మ అరిచింది.

యల్లప్ప ఎద్దులను అదిలించాడు. హోరుకు బెదిరి కుడిఎద్దు మోకాళ్ళ మీద పడిపోయింది. లేవలేదు. గంగాధరప్ప భుజం మీది ఉత్తరీయం విసిరేసి, మోకును భుజాన వేసుకున్నాడు. ఓబన్న, రామాంజినమ్మ ఆయన వెనక పట్టుకున్నారు. యల్లప్ప పడిన ఎద్దును కాడినుంచి తప్పించి, ఎడమఎద్దును తోలుతూనే ఉన్నాడు. నలుగురూ ఒక ఎద్దూ ఏటవాలుదారిలో అడుగు తర్వాత అడుగు లాగారు. మోకు పీచు ఆమె అరచేతులను చీల్చింది. నొప్పి తెలియలేదు.

తొట్టి పైకొచ్చింది గానీ కుళ్ళాయప్ప అందులో లేడు. తొట్టి అంచును రెండు చేతులతో పట్టుకుని వేలాడుతున్నాడు. కుడికాలు పాదం పక్కకు తిరిగిపోయి ఉంది. నీళ్ళు విసిరినప్పుడు తొట్టికీ గోడకూ నడుమ పడి నలిగింది. అతన్ని నేల మీదికి లాగినాక కూడా వేళ్ళు తొట్టి అంచును వదల్లేదు. రామాంజినమ్మ ఒక్కొక్క వేలే విప్పింది.

జట్కా వచ్చేసరికి బాయిలో నీళ్ళు అరవై అడుగుల మేర నిలిచాయి. పాతాళగుంతలో ఆ మేరకు తగ్గిపోయాయి. మద్రాసు పెద్దమనిషి జరీతలపాగాతో దిగి, బాయిలోకి తొంగిచూసి, "తోడడానికి ఎన్నాళ్ళు పడుతుంది?" అని అడిగాడు. అనంతస్వామి కుళ్ళాయప్పను పెనుకొండ ఆస్పత్రికి చేర్చమని అదే జట్కాను తిప్పించాడు. తర్వాత రామాంజినమ్మ దగ్గరికొచ్చి గొంతుక్కూర్చున్నాడు. ఆమె విషయం చెప్పింది. ఆయన పాతాళగుంత వైపు తిరిగాడు.

"నా రాయి అడుగుకు పోలేదు కదమ్మా."

"యాడో గట్టు మీద నిల్చింది సామీ. గుంత వంకరతిరిగి కిందికి పోయింటాది."

నీళ్ళు తోడడానికి హిందూపురం నుంచి ఆయిలింజను తెచ్చారు. నలభై రోజులు రాత్రీ పగలూ నడిచింది. కుళ్ళాయప్ప పాదం అతుకుపడింది గానీ మడమ నేలకానలేదు. గనిలోకి ఇక దిగలేడని డాక్టరు చెప్పాడు. ఆ కబురు విని ఓబన్న, "నేనుండా కదా బావా. నీ పని నేను చేస్తా," అన్నాడు. ఆ మాటకు కుళ్ళాయప్ప సంతోషించాడు. రామాంజినమ్మ సంతోషించలేదు.

నీళ్ళు పోయినాక అనంతస్వామి ఆమెను పిలిపించాడు. "లోపల రాయి నువ్వే చూసి ఏరాలి. నీ కన్ను మీద నాకు నమ్మకం." గంగాధరప్ప అక్కడే ఉన్నాడు. ఆయన ఏమంటాడోనని అందరూ చూశారు. "తొట్టిలో గోనెపట్ట పరిచి కూర్చోబెట్టండి," అని మాత్రం అని పక్కకు తిరిగాడు.

కూలిన గోడ దాటి ఆమె పాతవాళ్ళ గుంతలోకి అడుగుపెట్టింది. దీపం ఎత్తితే గోడలు ఎర్రగా, మంటకు పగిలి పొరలు పొరలుగా ఉన్నాయి. పైన ఒక గట్టు. ఇంజనీరు రాయి నిలిచింది దాని మీదే. నేల మీద గుండ్రటి రాతిసుత్తులు, మాడిన కట్టెలు. పలుగురాతి చార జానెడున్నర మందాన నడుస్తూ వచ్చి, ఒక్కచోట కత్తితో కోసినట్టు ఆగిపోయింది. ఆ ముందు నల్లరాయి, కారునలుపు, గోడలా నిలువునా ఉంది. దాని మీద మంట పెట్టిన గుర్తులున్నాయి. మూర లోతు కొట్టి, పాతవాళ్ళు అక్కడ వదిలేశారు.

"భూమి చీలి, కిందినుంచి కరిగిన రాయి పొంగి గడ్డకట్టింది," అన్నాడు అనంతస్వామి. చారను అది తెంచేసింది. "అవతల చార మళ్ళీ ఉంటాది. పక్కకు జరిగి ఉంటాది. ఎష్టు దూరమో ఎవరూ చెప్పలేరు."

ఆమె చార చివరి రాయి కొంత, నల్లరాయి కొంత ఏరుకుని పైకొచ్చి కడిగింది. చార రాయిలో మంచి గీత. నల్లరాయిలో ఒక్క మినుకు లేదు.

మర్నాడు మద్రాసు పెద్దమనిషి మళ్ళీ వస్తాడు. ఆ సాయంత్రం అనంతస్వామి ఆమె దగ్గరికొచ్చి, ఎటో చూస్తూ అన్నాడు. "రేపు ఆయన ముందర చార రాయి కడుగు చాలు. నల్లరాయి సంగతి అడిగితే నేను చెప్తాను. ఆరు నెలలు గడువు దొరికితే అవతలి చారను పట్టుకుంటాను."

ఓబన్న ఇంటికొచ్చి అదే పాట పాడాడు. "నువ్వు నోరు మూసుకుంటే చాలక్కా. పని నిలుస్తాది. బావ కాలు పోయింది, మనం ఏం తిని బతకాల?"

రాత్రంతా ఆమెకు నిద్రలేదు. ఇంజనీరు చెడ్డవాడు కాదు. అవతల చార ఉండొచ్చు కూడా. కానీ దాన్ని వెతుక్కుంటూ పోయేది ఓబన్న.

మర్నాడు పెద్దమనిషి కుర్చీలో కూర్చున్నాడు. ఆమె చార రాయి కడిగింది. పసుపు గీత చూసి ఆయన మీసం దువ్వుకున్నాడు. "ఇలాగే ముందుకు పోతుందా?" అని అడిగాడు. అనంతస్వామి నోరు తెరిచేలోపల ఆమె రెండో గంపలోని నల్లరాయి పిండిని పళ్ళెంలో పోసింది. ఓబన్న పళ్ళు కొరికాడు. చివరి నీళ్ళు వదిలి పళ్ళెం ఆయన ముందు పెట్టింది.

"చార ఈడికి తెగిపోయింది సామీ. ముందర ఉండేది ఈ రాయి. దీంట్లో లేదు."

తర్వాత ఇంజనీరు వైపు తిరిగింది. "అవతల ఉంటాదో లేదో మీకు తెలుస్తాది, నాకు తెలీదు. కానీ ఈ గుట్టలో ఇంకా పదకొండు గుంతలుండాయి. యాది ఎంత లోతో, యాడ వంకర తిరిగిందో, ఎంత నీళ్ళుండాయో చెప్పండి సామీ. చెప్పినాక మా తమ్మున్ని దించండి."

అనంతస్వామి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "చెప్పలేనమ్మా," అన్నాడు. ఆ మాట పెద్దమనిషికీ అర్థమైంది.

నెల తిరక్కముందే గుడారాలు విప్పేశారు. పోయేముందు అనంతస్వామి కుళ్ళాయప్ప ఇంటికొచ్చి, తన రిపోర్టులో బొగ్గు సంగతి రాశాననీ, రామాంజినమ్మ పేరు కూడా రాశాననీ చెప్పాడు. ఆ రిపోర్టు ఎవరు చదివారో ఎవరికీ తెలియదు. ఓబన్న మాత్రం అక్కతో మాట్లాడకుండా, చెప్పకుండా, ఒకరోజు కోలారు గనులకు వెళ్ళిపోయాడు. ఆమె రెండు రోజులు పొయ్యి రాజెయ్యలేదు.

ఆలుమగలిద్దరూ ధర్మవరం చేరారు. నరసింహులు అనే నేతగాడి ఇంట్లో రామాంజినమ్మకు పట్టు చుట్టే పని దొరికింది. వెంట్రుకకన్నా సన్నని పోగులో తెగినచోటు ఆమె వేలికి వెంటనే తగిలేది. కుళ్ళాయప్ప కూర్చున్నచోటే కండెలు చుట్టేవాడు. యుద్ధం వచ్చింది, పట్టు దొరకడం కష్టమైంది, బతుకు బరువెక్కింది గానీ ఆగిపోలేదు. 1942లో కోలారు నుంచి మొదటి ఉత్తరం వచ్చింది. ఓబన్నకు పెళ్ళయింది, కూతురు పుట్టింది. కూతురికి అక్క పేరు పెట్టుకున్నాడు. నరసింహులు చదివి వినిపిస్తుంటే ఆమె మధ్యలోనే లేచి పెరట్లోకి పోయింది.

కుళ్ళాయప్ప కుంటుకుంటూ వెనకే వచ్చాడు. ఇద్దరూ గోడవార కూర్చున్నారు. ఇన్నేళ్ళలో ఆ రోజు సంగతి వాళ్ళెప్పుడూ మాట్లాడుకోలేదు. ఎందుకో ఆ పొద్దు అతనడిగాడు.

"దీపం గూడ లేకుండా దిగినావు. భయం కాలేదా మే?"

"దిగేటప్పుడు కాలేదు," అంది. "పైకొచ్చినాక, మోకు మీద చెయ్యి పెడితే వదులుగా ఉన్నింది చూడు. అప్పుడయింది. ఇప్పటికీ అవుతాంది."

కుళ్ళాయప్ప ఆమె అరచేతిని తన ఒళ్ళోకి తీసుకుని, అక్కడ మిగిలిన మోకు మచ్చ మీద బొటనవేలితో మెల్లగా రాస్తూ కూర్చున్నాడు.